పండుగ పని ఒకదిక్కు, షిప్పు సామాను ఒకదిక్కు

శనివారం పొద్దుగాల ఐదింటికి లేసి వంటింట్లకు పోతే, రాత్రి నానబోసిన బియ్యం అత్తమ్మ అప్పటికే జల్లెడల వంపి, పాత ధోతి మీద ఆరబోసి, పక్కకు కుర్చేసుకొని కూసున్నది. "ఇంక తడి ఉన్నయ్, ఏడింటి దాక ఆరితే పిండి గిర్నికి పంపొచ్చు, నువ్వు ఛాయ్ పెట్టు బిడ్డా" అన్నది. హాల్ల చూస్తే రెండు సూట్‌కేసులు తెరిచి పడున్నయ్, ఒకదాంట్ల మా పిల్ల జుట్టు సాపు చేసుకునే మిషను తప్ప ఇంకేం లేదు.

ఈసారి పండుగ వారం నడుమల పడ్డది. బుధవారం భోగి, గురువారం సంక్రాంతి, శుక్రవారం కనుమ, శనివారం పొద్దుగాల కాజీపేటల కోణార్క్ రైలు ఎక్కుడు, ముంబైల షిప్పు ఎక్కి లక్షద్వీప్ దాక పోయి వచ్చుడు. పండుగ సెలవులు కలిసొస్తయ్ అని మా ఆయన, కరీంనగర్ల ఉండే మా ఆడబిడ్డ భర్త ఇద్దరు కూసొని బుక్ చేసిన్రు. మొగోళ్ళకు పండుగంటే సెలవు, మనకు పండుగంటే డ్యూటీ, గీ సంగతి బుకింగ్ యాప్‌ల ఎక్కడ రాసి ఉండదు. కాబట్టి అప్పాలు చేసుడు, ఇల్లు దులుపుడు, బట్టలు కొనుడు, సామాను సర్దుడు అన్ని ఈ శని ఆదివారాలల్లనే కావాలె, సోమవారం నుంచి మల్ల నాకు స్కూలు ఉండనే ఉన్నది.

మా హన్మకొండ నయీంనగర్ దిక్కు గిర్ని కాడ సంక్రాంతి ముంగట లైను గురించి చెప్పాల్సిన పనే లేదు. మావోడిని పంపిస్తే ఫోన్ చూసుకుంట నిలబడి వెనకొచ్చినోళ్ళను కూడ ముంగటికి పంపి పదిన్నరకు వచ్చిండు. అప్పటికి గల్లీ ఆడోళ్ళు అందరు వచ్చి చాప మీద కూసున్నరు. మా దిక్కు సకినాలు ఒక్కరు చేసే పని కాదు, ఒకరోజు ఒకరింట్ల అని వంతులేసుకుంటం, ఈ శనివారం మా వంతు. నువ్వులు, వాము, ఉప్పు వేసి పిండి కలిపే పని మాత్రం అత్తమ్మదే, ఎవ్వరిని ముట్టనియ్యది. నీళ్ళు ఒక్క చుక్క ఎక్కువైతే కింద పరిచిన చీర మీద జారుతది, తక్కువైతే నడుమల తెగుతది. ముందుగాల పసుపు గౌరమ్మను పెట్టి బొట్టు పెట్టినంక అత్తమ్మ మొదటి సకినం పోసింది. బొటనవేలు చూపుడువేలు నడుమ నుంచి పిండి తాడు లెక్క మెలి తిరుగుకుంట దిగుతది, చేతికి ఎక్కడ ఆగుడు ఉండదు, మూడు చుట్లు నాలుగు చుట్లు తిరిగి మొదలైన కాడికే వచ్చి ఆగుతది. నేను ఇన్నేండ్ల నుంచి పోస్తున్న, నావి మంచిగనే వస్తయ్ గని ఆ మెలి మాత్రం రాదు. మా పిల్ల పోసింది చూసి పక్కింటి వదినె "ఇది సకినమా, లక్షద్వీప్ మ్యాపా" అన్నది, అందరు ఒక్కటే నవ్వుడు.

ఇగ అక్కడ్నుంచి ముచ్చటంత షిప్పు మీదికి మళ్ళింది. ఎంత పెద్దగుంటది, ఊగుతదా, లోపల బాత్రూంలు ఎట్లుంటయ్, చేపలు తినకపోతే ఏం పెడతరు, ఒకామె అయితే "మునిగితే ఎట్లక్కా" అని సీదా అడిగేసింది. అత్తమ్మ నూనెల నుంచి సకినం తిప్పుకుంటనే "మునిగితే మునుగుతం, మోకాళ్ళ నొప్పులు పోతయ్" అన్నది. ఆమెకు తెలిసిన నీళ్ళు అంటే భద్రకాళి చెరువు, పాకాల, రామప్ప, ఒకసారి లక్నవరంల పడవ ఎక్కింది, ఆ పడవల కూడ నా చెయ్యి గట్టిగ పట్టుకొని కండ్లు మూసుకొని కూసున్నది. అయినా టికెట్ అనంగనే అందరికంటే ముందు సరే అన్నది ఆమెనే.

సకినాలు దబ్బాలకు ఎత్తుతుంటే అత్తమ్మ అడిగింది, షిప్పుల ఎన్ని పెట్టాలె అని. అప్పుడు మొదలైంది లొల్లి. మా ఆడబిడ్డ భర్త వాట్సాప్‌ల ఒక లిస్టు పంపిండు, ఏమేం తేవొద్దు అని. మా పిల్ల చదువుడు, అత్తమ్మ ఒక్కోదానికి జవాబు చెప్పుడు. ఇస్త్రీ పెట్టె వద్దు. "మంచిదే, సెలవుల ఇస్త్రీ ఎవలు చేస్తరు." నీళ్ళు కాగబెట్టే కెటిల్ వద్దు, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. కత్తులు, కత్తెర వద్దు. "నిమ్మకాయ ఎట్ల కోస్తరు?" అగరుబత్తులు, క్యాండిళ్ళు, అగ్గిపెట్టె వద్దు. ఇక్కడ ఆగింది ఆమె. పొద్దుగాల దీపం పెట్టకుండ ఆమె ఛాయ్ కూడ తాగది. షిప్పు మీద అన్నిటికంటే ఎక్కువ భయపడేది నిప్పుకేనట, నడి సముద్రంల ఫైరింజన్ రాదు, మనుషులు ఉరికి పోనీకి జాగ ఉండదు, అందుకే ఎక్కినంక అందరిని ఒక్కకాడ నిలబెట్టి సైరన్ మోగితే ఎటు పోవాలె, లైఫ్ జాకెట్ ఎట్ల కట్టుకోవాలె అని చూపిస్తరు, ఇదంత మా ఆయన చెప్పిండు. అత్తమ్మ కొద్దిసేపు ఆలోచించి "సముద్రం మీద సూర్యుడు కనవడతడు గద, ఆయనకే దండం పెట్టుకుంట" అని తేల్చేసింది. నేను ఇంత తొందరగ ఒప్పుకుంటదనుకోలే.

తర్వాతి లైను, ఇంట్ల చేసిన తినేటివి తేవొద్దు. దీనికి మాత్రం ఒప్పుకోలే. "సకినాలు కూడనా? అండ్ల ఏమున్నది, బియ్యప్పిండి నువ్వులు!" ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు, కని వందల మంది ఒక్క దగ్గర తినే కాడ ఎవలి ఇంటి తిండి ఎవలకు పడకపోయినా మొత్తం షిప్పుకు కడుపునొప్పి చుట్టుకుంటది, డాక్టరు కోసం ఒడ్డు దాక పోవాలంటే గంటలు పడతది, వాళ్ళ భయం వాళ్ళది. ఇది నేను చెప్తే అత్తమ్మ "మన సకినాలు తిని ఎవలకన్న కడుపునొప్పి లేసిందా" అని నన్నే అడిగింది. లేవలే, ఏమంట.

ఆఖరికి దారి భివండి చూపెట్టింది. అత్తమ్మ చిన్న తమ్ముడు ఎప్పుడో చిన్నప్పుడు సాంచల (మరమగ్గాల) పనికని ముంబై పక్కనున్న భివండి పోయి అక్కడ్నే ఉండిపోయిండు, మన దిక్కు నుంచి అట్ల పోయినోళ్ళు అక్కడ ఎందరో. కోణార్క్ కాజీపేటల పొద్దుగాల ఎక్కితే అర్ధరాత్రి దాటినంక కళ్యాణ్ వస్తది, తెల్లారకముందే ముంబై సీఎస్‌ఎంటీ. షిప్పు ఎక్కే బల్లార్డ్ పియర్ ఆ స్టేషన్ పక్కనే గని, ఆ యాళ్ళకు దిగి సూట్‌కేసుల మీద కూసొని ఏం చేస్తం, కాబట్టి కళ్యాణ్‌ల దిగి మామయ్యోళ్ళింటికి పోయి, ఒకరోజు ఉండి ఆరాంగ పోదాం అని ఫోన్‌లనే ఖాయం అయింది. సకినాల దబ్బ, అరిసెలు, ఎల్లిపాయ కారం, అన్ని భివండికి. మామయ్య ఫోన్‌ల "అక్కా, మన సకినాలు తిని ఎన్నేండ్లాయె" అన్నడు, అత్తమ్మ ముఖం చూడాలె అప్పుడు. లిస్టు రాసినోళ్ళ మీద కోపం గూడ పోయింది.

ఇగ బట్టలు మడతపెట్టుమని మా ఆయనకు చెప్తే ఆయన చేతుల అంగీ పట్టుకొని మోటుపల్లి కథ చెప్పుడు మొదలుపెట్టిండు. మా ఓరుగల్లోళ్ళకు సముద్రం కొత్త కాదు, కాకతీయ గణపతిదేవుడు 1244ల మోటుపల్లి రేవుల అభయశాసనం వేయించిండు, అంతకుముందు తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంత రాజులు గుంజుకునేటోళ్ళు, ఈయన మాత్రం మామూలు సుంకం కట్టి మీ సరుకు మీరు తీస్కపోండ్రి అన్నడు అని. నాకు తెల్సిన కథనే, కని ప్రతిసారి నాకు ఆ ఓడల వ్యాపారుల ఇంటోళ్ళ మీదికే పోతది మనసు, వాళ్ళ మూటలు ఎవలు కట్టిన్రో అని. ఆయన కథ అయ్యేసరికి అంగీలు మూడే మడత అయినయ్, అవి కూడ కాలర్లు లోపలికి పెట్టి.

ఆదివారం పొద్దుగాల వరంగల్ జేపీఎన్ రోడ్డుకు పోయినం. పండుగ గిరాకీ, పార్కింగ్ దొరకక స్కూటీ ఎక్కడ్నో పెట్టి నడిచినం. సిమ్మింగ్ పూల్‌ల కాటన్ బట్టలతోని దిగొద్దు, దానికి వేరే బట్ట ఉంటదట, మా ఆడబిడ్డ గ్రూపుల పెట్టింది. బట్టల దుకాణంల ఆ పేరు చెప్పంగనే ఆ పిల్లగాడు నన్ను ఒకసారి, అత్తమ్మను ఒకసారి చూసి "ఎవ్వలకు ఆంటీ" అన్నడు. అత్తమ్మ "ఇద్దరికి" అన్నది. మోకాళ్ళ దాక ఉండే ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు దొరికినయ్, నాకు మెరూన్, ఆమెకు నేవీ బ్లూ. ఇంటికొచ్చి తలుపేసుకొని వేసుకొని చూసి, బయటికి రాలే గని లోపల నవ్వుడు మాత్రం వినవడ్డది. ఇది కాక వొడ్డు మీద ఇసుకల నడవనీకి చెప్పులు, టోపీలు, షిప్పుల ఒక రాత్రి అందరు తెల్లబట్టలు వేసుకోవాలంటే మా ఆయనకు పెండ్లినాటి కుర్తా పైకి తీసిన, గుండీల కాడ జెర్ర బిగుతు, ఆయన ఊపిరి బిగబట్టుకుంటే సరిపోతది.

అక్కడ్నుంచి మందుల దుకాణం. వాంతులకు అవోమిన్ తీసుకున్న, కని అత్తమ్మ బీపీ గోలీలు వాడుతది కాబట్టి ఆమెకు ఇయ్యొచ్చా లేదా అని డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగినంకనే డబ్బల వేసిన. శొంఠి, అల్లం మురబ్బ కూడ పెట్టుకున్న. రూములు ఎట్లాగు షిప్పు నడుమల, కింది అంతస్తుల తీసుకున్నం, ముంగట కొసకు గని పై అంతస్తుల గని ఊగుడు ఎక్కువ ఉంటదట. కిటికీ లేదని పిల్లలు ముఖాలు మాడ్చిన్రు, రూముల ఎవలు కూసుంటరు, సముద్రం చూడాలంటే డెక్కు మీదికి పోండ్రి అన్న.

సర్దుడుల అసలు కష్టం ఏందంటే, పెద్ద సూట్‌కేసులు మెట్ల కాడనే వాళ్ళు తీసుకొని చిట్టి కట్టి తర్వాత రూముకు పంపిస్తరు, అది ఎప్పుడొస్తదో తెల్వది, కాబట్టి ఆధార్ కార్డులు, మందులు, కండ్లద్దాలు, ఒక జత బట్టలు చేతి సంచిల ఉండాలె. ఇది అర్థం చేసుకోనీకి అత్తమ్మకు ఏం టైం పట్టలే, మేడారం పోయేటప్పుడు ఆమె ఎప్పుడు ఇట్లనే చేస్తది, బండిల పెట్టే మూట వేరే, నడుముకు కట్టే సంచి వేరే. మా పిల్లలకే చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఫోన్లు ఒడ్డు దాటంగనే ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టాలె, లేకుంటే షిప్పు సిగ్నల్ అందుకొని బిల్లు వాచిపోతది అంటే మాత్రం ఒక్కసారికే అర్థమైంది మావోడికి, వాడి సొంత రీచార్జి డబ్బులు పోతయ్ గద.

మేడారం అంటే గుర్తొచ్చింది. ఈసారి జాతర జనవరి 28 నుంచి 31 దాక. మేం అప్పటికి వచ్చేస్తం గని అత్తమ్మ మనసు ఊకోలే, "నీళ్ళ మీదికి పోతున్నం, సమ్మక్కకు చెప్పకుండ పోవుడేంది" అని. బస్సులు చూస్తే నిలబడనీకి జాగ లేదు, ఆదివారం సాయంత్రం ఎటు పోతం. రూపాయి బిళ్ళ పసుపు గుడ్డల కట్టి ముడుపు కట్టింది, మంచిగ తిరిగొస్తే మనుమరాలి ఎత్తు బెల్లం ఇస్త అని మొక్కింది. మా పిల్ల "నా బరువే ఎందుకు నాయినమ్మా, తమ్ముడిది తక్కువ గద" అన్నది. షిప్పు మీద బఫే ఉంటదంటున్నరు, తిరిగొచ్చే వరకు ఆ బెల్లం లెక్క ఇంకెంత పెరుగుతదో.

రాత్రి పది దాటినంక సూట్‌కేసులు మూసి చూస్తే ఒకటి మూసుకున్నది, ఇంకోటి మూసుకోలే. తెరిచి చూస్తే అండ్ల అడుగున సకినాలు, కొత్త స్టీలు దబ్బ, మీద నేవీ బ్లూ టీషర్టు కప్పి ఉన్నది. తీసి పక్కకు పెట్టిన, ఏం అనలే. భోగి నాడు ముగ్గు ఎవలు వేస్తరు, మేం పోయినంక పూల కుండీలకు నీళ్ళు ఎవలు పోస్తరు అన్నది పక్కింటి వదినెతోని మాట్లాడాలె, పాలాయనకు చెప్పాలె, స్కూల్ల లీవు లెటరు ఇయ్యాలె. అత్తమ్మ పండుకునేముందు వచ్చి అడిగింది, "బిడ్డా, షిప్పుల పొద్దుగాల ఛాయ్ ఎన్నింటికి ఇస్తరు?" ఆరింటికేమో అత్తమ్మా అన్న. "నాలుగున్నరకు లేసేదాన్ని, గప్పటిదాక ఏం చెయ్యాలె? ఫ్లాస్క్ పట్టుకపోవొచ్చా?" లిస్టు మల్ల తీసి చదువుతున్న, కెటిల్ వద్దన్నరు గని ఫ్లాస్క్ సంగతి ఎక్కడ రాయలే.