త్వచానికి ఏ వైపు? నన్ను జేఆర్‌ఎఫ్ దాకా తెచ్చిన ప్రశ్న

సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో, లైఫ్ సైన్సెస్ విభాగంలో నాకు జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చింది. ఫలితాలు చూసినప్పటి నుంచి జూనియర్లందరిదీ ఒకటే మాట: ఏ నోట్సు చదివావక్కా? నోట్సు సంగతి తర్వాత. కిందటిసారి లెక్చరర్‌షిప్ (ఫెలోషిప్ లేని, బోధనకు అర్హత) దగ్గరే ఆగిపోయిన నన్ను ఈసారి గట్టెక్కించింది బ్యాక్టీరియా కణకవచం, అంటే ఆ కణం చుట్టూ ఉండే గట్టి గోడ. దాని గురించే రాస్తాను.

అప్పట్లో నా దగ్గరా అందరి దగ్గరుండే పట్టికే ఉండేది: కవచం తయారీలో ఏ మందు ఏ ఎంజైమును ఆపుతుందో. ఫాస్ఫోమైసిన్ ఎదుట మర్‌ఎ, పెన్సిలిన్ ఎదుట ట్రాన్స్‌పెప్టిడేజ్. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ పరీక్షలో చివరి భాగమైన పార్ట్ సి అడిగేది వేరు. ఈ మందు వేస్తే కణంలో ఏది పేరుకుంటుంది? ఈ ట్రాన్స్‌పోర్టర్ (పదార్థాలను త్వచం దాటించే ప్రోటీన్) లేని మ్యూటెంట్ (జన్యువు మారిన బ్యాక్టీరియా) ఏ మందును తట్టుకుంటుంది?

ఒక రాత్రి పట్టిక పక్కన పడేసి, తెల్ల కాగితం మధ్యలో రెండు గీతలు గీశాను. అదే త్వచం, కణాన్ని చుట్టి ఉండే పల్చటి పొర; కవచం దానికి బయట అల్లుకుంటుంది. ఇక ప్రతి ఎంజైమునూ ఒకటే అడిగాను: నువ్వు ఏ వైపు ఉంటావు? కవచానికి కావలసిన ముక్కను తయారుచేసే ఎంజైములు, మర్‌ఎ నుంచి మర్‌ఎఫ్ వరకు, అన్నీ లోపలే. అవి తయారుచేసిన ముక్క త్వచంలోని అన్‌డెకాప్రెనిల్ ఫాస్ఫేటు అనే కొవ్వు వాహకం మీదికి ఎక్కితే లిపిడ్-1, మర్‌జి ఇంకో చక్కెర తగిలిస్తే లిపిడ్-2. మర్‌జె దాన్ని బయటి వైపుకు తిప్పుతుంది. బయట ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) లేదు! మరి కవచపు పోగులను కలిపే అడ్డుబంధాలు వేయడానికి శక్తి ఎక్కడిది? ముక్క కొసనున్న రెండు డి-అలనైన్‌లలో (ఇదో అమైనో ఆమ్లం) చివరిదాన్ని పట్టి ఉంచిన పెప్టైడు బంధం తెగి ఆ ఖర్చు భరిస్తుంది. పెన్సిలిన్ ఆ డి-అలనైన్ జంటను పోలి ఉంటుంది కాబట్టే అడ్డుబంధాలు వేసే ట్రాన్స్‌పెప్టిడేజ్ మోసపోతుంది. ఫాస్ఫోమైసిన్ మాత్రం లోపలికి రావాలి. ఈ.కోలై బ్యాక్టీరియాలో దానికి జీఎల్‌పీటీ అనే ట్రాన్స్‌పోర్టర్ ఒక ద్వారం, అది పాడైన మ్యూటెంట్ మందును తట్టుకుంటుంది. వాంకోమైసిన్ అనే ఇంకో మందు అణువు పెద్దది, ఈ.కోలై లాంటి గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియాకు కవచం బయట ఉండే బాహ్యత్వచమే దాన్ని ఆపేస్తుంది. పట్టికలో సగం ఇక కంఠస్థం చేయనక్కర్లేకపోయింది.

ఆ ఊపులోనే హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లో మంజులా రెడ్డి బృందం 2012లో ప్రచురించిన పరిశోధన చదివాను. ఈ.కోలై కవచంలో అడ్డుబంధాలను కత్తిరించే మూడు ఎంజైములూ ఒకేసారి లేకపోతే కవచం గట్టిపడుతుందనే ఎవరైనా అనుకుంటారు. కణం పగిలిపోతుంది! పాత అల్లికను తెంచితేనే కొత్త పోగుకు చోటు. ఇలాంటి ఒక్క పరిశోధనాపత్రం పది గైడ్ల పెట్టు అని నా గట్టి అభిప్రాయం. కోచింగ్‌కు వెళ్లినవాళ్లు నొచ్చుకోకండి.

మిగతావి క్లుప్తంగా. జనరల్ ఆప్టిట్యూడ్ ఉండే పార్ట్ ఎకు పాత ప్రశ్నపత్రాలు చాలు. రోజూ ఒకే వేళకు కూర్చోండి, ఫోను పక్క గదిలో ఉండాలి. "మూడ్ లేదు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరీక్ష తేదీ మన మూడ్ చూసి ప్రకటించరు.

ఎకాలజీ మొత్తం వదిలేయడం తెగింపని మా బావ ఇప్పటికీ దెప్పుతాడు. పార్ట్ సిలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటుంటే అన్నీ ఎందుకు చదవాలి? పార్ట్ బిలో ఆ యూనిట్ ప్రశ్నలను ముట్టుకోకుండా దాటేశాను. ఆ మార్కులు పోతే పోయాయి, ర్యాంకు వచ్చింది కదా!