విపత్తు మ్యాపులో ట్యాగులు: కట్టడం ఒక కీలో, నష్టం మరో కీలో

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక, కొద్ది రోజుల్లోనే ఎక్కడెక్కడి వలంటీర్లో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాజధాని పోర్టో ప్రిన్స్‌ను గీసేశారు. అందులో గీసిన ప్రతిదీ ఏమిటో చెప్పే ‘కీ=విలువ’ జంటే ట్యాగు. ఆ ట్యాగులు మాత్రం అప్పటికప్పుడు అనుకున్నవే. ఇళ్లు పోయినవాళ్లు ఖాళీ స్థలాల్లో వేసుకున్న గుడారాలకు ‘టూరిజం=క్యాంప్_సైట్’ పెట్టి, పక్కన ‘రెఫ్యూజీ=యెస్’ చేర్చారు. మొదటి ట్యాగు ఒక్కటే చదివే మ్యాపులో నిరాశ్రయుల శిబిరం విహారయాత్రికుల మకాంలా కనబడుతుంది. ‘ఎమెనిటీ=రెఫ్యూజీ_సైట్’ అనే సరైన ట్యాగు ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

విపత్తు మ్యాపులో ఏ ట్యాగు ఎలా వాడాలో ప్రమాణం రాసేవాళ్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: శాశ్వతంగా ఉండేదాన్ని, తాత్కాలిక పరిస్థితిని ఒకే కీలో కలపకూడదు. కూలిన ఇంటికి ‘బిల్డింగ్=కొలాప్స్‌డ్’ అని రాస్తే అది అంతకుముందు ఇల్లో, బడో, ఆసుపత్రో తెలిసే దారి పోతుంది. ‘బిల్డింగ్=స్కూల్’ని అలాగే ఉంచి, నష్టాన్ని వేరే కీలో రాయాలి. విపత్తు పేరు, చూసిన తేదీ, ఎలా తెలిసిందో (చిత్రమా, నేల మీద సర్వేనా) కూడా జతచేయాలి. విపత్తు పేరు ఉంటే, ఏడాది తర్వాత మ్యాపు డేటాలో వెతికిపెట్టే ఓవర్‌పాస్‌లో ఒక్క క్వెరీతో పాతబడ్డ ట్యాగులన్నీ పట్టుకుని తీసేయొచ్చు. లేకపోతే మళ్లీ కట్టుకున్న ఇల్లు కూడా మ్యాపులో కూలినట్టే ఉండిపోతుంది.

ఎలా తెలిసిందో రాయడం ఎందుకంత ముఖ్యమంటే, ఉపగ్రహం పైనుంచే చూస్తుంది. కింది అంతస్తు నలిగిపోయి స్లాబు చెక్కుచెదరకుండా కిందికి దిగితే, చిత్రంలో ఆ భవనం బాగున్నట్టే ఉంటుంది. అందుకే నష్టానికి ఉత్త ‘యెస్’ చాలదు. చిత్రంలో నష్టం కనబడలేదంటే నష్టం లేదని కాదని గైడులో స్పష్టంగా రాయాలి.

కీ పేర్ల పొడవు కూడా చూసుకోవాలి. సహాయ సంస్థల్లో చాలామంది డేటాను షేప్‌ఫైల్‌ అనే మ్యాపు ఫైలు రూపంలో తీసుకుంటారు. అందులో కీ పేరే కాలమ్ పేరవుతుంది, దానికి 10 అక్షరాలే చోటు. ఇంగ్లిష్‌లో ‘ఎర్త్‌క్వేక్’ అన్న మాటకే ఆ పదీ అయిపోతాయి. దాని వెనక కోలన్ పెట్టి ఎన్ని కీలు చేసినా, ఎగుమతిలో అన్నిటి పేరూ అక్కడికే తెగిపోతుంది. వేరు చేసే మాట ముందుండాలి.

రోడ్డు స్థాయిని దాని ప్రాధాన్యాన్ని బట్టే ఇవ్వాలి. మట్టిరోడ్డయినా మండల కేంద్రానికి అదొక్కటే దారయితే ‘ట్రాక్’ (పొలం, అడవి దారి) అనకూడదు. మట్టి సంగతి ‘సర్ఫేస్’లో చెప్పాలి. బోరింగు కనబడగానే ‘ఎమెనిటీ=డ్రింకింగ్_వాటర్’ పెట్టడమూ ప్రమాదమే, ఆ నీళ్లు తాగొచ్చని తెలిసి ఉండాలి.

మన కోస్తాలోని తుపాను షెల్టర్లదీ ఇదే లెక్క. ‘అసెంబ్లీ_పాయింట్’ అంటే జనం గుమిగూడే ఆరుబయలు జాగా. తుపానుకు తలదాచుకునే భవనానికి అది పనికిరాదు. మామూలు రోజుల్లో అందులో బడి నడుస్తుంటే బడిగానే గుర్తించి, షెల్టరు అన్న సంగతి, ఎంతమంది పడతారన్నది అదనపు కీల్లో రాయాలి.

కొత్త ట్యాగు కావాలనిపిస్తే ముందు ఇప్పటికే వాడుకలో ఉన్న ట్యాగులను చూపే ట్యాగ్‌ఇన్ఫో సైటులో వెతకండి. ఉన్నదాన్నే వాడుకోవడం ఎప్పుడూ మేలు. నిజంగానే లేకపోతే, ప్రతిపాదనపై చర్చకు కనీసం 2 వారాలు, ఓటింగుకు మరో 2 వారాలు పడుతుంది. వరద వచ్చాక నెల ఆగలేం కాబట్టి వానాకాలానికి ముందే తేల్చుకుని, మ్యాపు దిద్దే సాఫ్ట్‌వేర్ జోసమ్‌లో ప్రీసెట్‌గా (సిద్ధంగా ఉంచిన ట్యాగుల జాబితాగా) చేసి పంచాలి. వలంటీరు ట్యాగును టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకుంటే స్పెల్లింగు తేడాలూ ఉండవు.