అమ్మాయిని క్రికెట్‌లో పెట్టాలనుకునే గోదావరి డెల్టా తల్లిదండ్రులకు

ముందు బంతి సంగతి. మహిళల మ్యాచ్‌లో వాడే బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు, చుట్టుకొలత 21 నుంచి 22.5 సెంటీమీటర్లు. మగవాళ్ల బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, కొంచెం లావు కూడా. మన వైపు అకాడమీల్లో ఎక్కువమంది అబ్బాయిలే, అమ్మాయిలు ఇద్దరో ముగ్గురో. నెట్స్‌లో అందరి చేతికీ ఒకే బంతి ఇస్తారు. చిన్న చేతిలో పెద్ద బంతి పెడితే స్పిన్నర్ వేళ్లు సీమ్ (బంతి కుట్టు) మీద పరుచుకోవు, బంతి అరచేతిలోకి జారిపోతుంది. ఆ పిల్ల బంతిని తిప్పడం మానేసి తోయడం మొదలుపెడుతుంది. తీరా సెలక్షన్ రోజున తేలికైన బంతి చేతికొస్తే, అదే బలం పెట్టి వేసినవన్నీ నేలకి తగలకుండా బ్యాటర్ దగ్గరికెళ్లే ఫుల్‌టాస్‌లవుతాయి. కొనేటప్పుడు బంతి మీద బరువు చూడండి, మామూలుగా 142 గ్రాములని అచ్చు ఉంటుంది. అలాంటివి రెండు కొనిచ్చి, మా అమ్మాయి వీటితోనే వేస్తుందని కోచ్‌కి గట్టిగా చెప్పండి. అడగడానికి మొహమాటపడొద్దు.

బ్యాట్ దగ్గర కూడా ఇదే పొరపాటు. ఎలాగూ ఎదుగుతుంది కదా అని పెద్ద సైజు కొంటారు. సుమారుగా చెప్పాలంటే 5 అడుగుల 2 అంగుళాల అమ్మాయికి 6వ సైజు, 5 అడుగుల 5 అంగుళాల పిల్లకి హ్యారో (6వ సైజుకీ పూర్తి సైజుకీ మధ్యది) సరిపోతాయి. కొనే ముందు పైచేతితో మాత్రమే పట్టుకుని బ్యాట్‌ని ముందుకు చాచమనండి. పది సెకన్లలోపే మణికట్టు వాలినా, భుజం పైకి లేచినా అది బరువే. బరువైన బ్యాట్‌తో నేర్చుకున్న పిల్లకి కిందిచేతి ఊపే అలవాటవుతుంది, డ్రైవ్ గాల్లోకి లేస్తుంది. బ్యాట్ ఇంగ్లీష్ విల్లో చెక్కది అయితే పచ్చి అవిసె నూనె పలచగా ఒక పూత వేసి, రాత్రంతా అడ్డంగా పడుకోబెట్టి, ఆ తర్వాత చెక్క సుత్తితో కనీసం ఐదారు గంటలు తట్టాలి. అంతా ఒక్కరోజున కాదు, విడతలు విడతలుగా. మన దగ్గర డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు విపరీతంగా కురుస్తుంది. తడి గడ్డి మీద ఆడితే బ్యాట్ అడుగుభాగం నీళ్లు పీల్చి ఉబ్బి చీలిపోతుంది. కాబట్టి అడుగున రబ్బరు గార్డు అతికించాలి, ఆట అవగానే గుడ్డతో తుడవాలి.

ఇక పిచ్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే డెల్టా పిల్లలు వెనకబడేది చాలావరకు ఇక్కడే. మనది మంచి బంకమట్టి నేల, పిచ్‌కి కావలసిన పట్టు ఆ మట్టిలోనే ఉంది. ఇబ్బందల్లా అడుగున నీళ్లతో. కాలవలు పారుతున్నన్నాళ్లూ చుట్టూ చేలు నీళ్లతోనే ఉంటాయి, ఊట పైకే ఉంటుంది, పిచ్ లోపల ఆరదు. పైన ఎండకి పెచ్చు కట్టి లోపల మెత్తగా ఉన్నప్పుడు రోలర్ తిప్పితే ఒక బంతి మోకాలి కింద, మరో బంతి గడ్డం దగ్గర లేస్తుంది. పిచ్‌ని చుట్టుపక్కల నేల కంటే ఎత్తులో కట్టి, అడుగున కంకర, ఇసుక పరిచి, దాని మీద మట్టి వేయాలి. బాగా తడిపాక బొటనవేలితో నొక్కి చూడాలి. గుంట పడాలి, వేలికి మట్టి అంటకూడదు. అప్పుడు మొదట తేలిక రోలర్, తర్వాత బరువుది. దాళ్వా కోతలు అయి కాలవలు కట్టేసిన ఏప్రిల్, మే నెలలే మట్టి పిచ్‌కి మంచి అదును. వానాకాలం, తుపాన్ల అక్టోబరు, నవంబరు వచ్చేసరికి అందరూ సిమెంటు పిచ్ మీద పరిచే చాపకే, అంటే మ్యాటింగ్‌కే చేరతారు.

మ్యాటింగ్ తప్పు కాదు. కాకపోతే దాని మీద బంతి ఎప్పుడూ ఒకే ఎత్తుకి, నమ్మకంగా లేస్తుంది. ఏడాదిలో పది నెలలు దాని మీదే ఆడిన అమ్మాయి వెనక్కాలి మీద కట్, పుల్ అద్భుతంగా ఆడుతుంది. మహిళల మ్యాచ్‌ల్లో స్పిన్ ఎక్కువ, మట్టి పిచ్ మీద బంతి తక్కువెత్తులోనే వస్తుంది. అక్కడ అదే వెనక్కాలి ఆటతో ఎల్బీడబ్ల్యూ అయిపోతుంది. మట్టి పిచ్ దొరకని నెలల్లో మ్యాట్‌ని కాస్త వదులుగా పరిచి, కోచ్ మోకాలి మీద కూర్చుని తక్కువెత్తులో త్రోడౌన్లు (చేత్తో విసిరే బంతులు) వేస్తే కొంత మేలు. ముందుకాలు చాచి ఆడటం, స్వీప్, ఈ రెండూ ప్రత్యేకంగా చేయించాలి.

అసలు గండం పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య. భారత క్రికెట్ బోర్డు టోర్నమెంట్లలో అమ్మాయిలకి అండర్-15 ఉంది, తర్వాత మెట్టు అండర్-19. అబ్బాయిలకి పదహారు దాకా ఒక మెట్టు దొరుకుతుంది. పదిహేను దాటిన అమ్మాయి మాత్రం ఒక్కసారిగా పద్దెనిమిదేళ్ల వాళ్లతో పోటీ పడాలి. సరిగ్గా అప్పుడే ఇంటర్ వస్తుంది, మైదానం లేని హాస్టల్ కాలేజీలో చేరుస్తారు. రెండేళ్లు నెట్స్ లేకపోతే తిరిగి రావడం చాలా కష్టం. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూసి, వారానికి కనీసం నాలుగు రోజులు సాధన కుదిరేలా ముందే మాట్లాడుకోండి. ఈ ఒక్క నిర్ణయం మీదే ఆ పిల్ల ఆట ఆధారపడి ఉంటుంది.

శరీరం కూడా మారేది ఆ ఏళ్లలోనే. ఫాస్ట్ బౌలర్ అయితే నడుము జాగ్రత్త. ఇంగ్లండ్ బోర్డు మార్గదర్శకాలు అండర్-14, అండర్-15 వారికి ఒక స్పెల్‌లో (ఒకే విడతలో) ఆరు ఓవర్లు, రోజుకు పన్నెండు అని హద్దు పెట్టాయి. నెట్స్‌లో వేసిన బంతుల్నీ ఆ లెక్కలో కలపాలి. వెనక్కి వంగినప్పుడు నడుము ఒకవైపే నొప్పి పుడితే బౌలింగ్ ఆపించి వైద్యుడికి చూపించండి, వెన్నెముకలో సన్నటి చీలిక అలాగే మొదలవుతుంది. మోకాలి లిగమెంట్ తెగడం అబ్బాయిల కన్నా అమ్మాయిల్లో ఎక్కువ. దూకి ఒంటికాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అని ఫోన్‌లో వీడియో తీసి చూడండి. వాలుతుంటే వారానికి మూడు రోజులు ఒంటికాలి గుంజీలు, తొడ వెనక కండరాల వ్యాయామాలు చేయించాలి.

రక్తం సంగతి మాట్లాడటానికి సిగ్గుపడతారు గానీ ఇది చాలా ముఖ్యం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని తేలింది. మూడో స్పెల్‌లో వేగం పడిపోతే బద్ధకం అనేస్తారు. ముందు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) రెండూ చూపించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే వైద్యుడు చెప్పిన ఐరన్ వాడాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, గంటైనా ఆగాలి.

కాగితాల్లో తప్పుంటే ఆట ఎంత బాగున్నా లాభం లేదు. జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డు మూడింట్లో పేరు, తేదీ ఒకేలా ఉండాలి. అండర్-15కి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కిస్తారు. త్వరగా ఎదిగిన పిల్ల అసలు వయసు సరిగ్గానే ఉన్నా ఈ పరీక్షలో ఆగిపోవచ్చు. అది మోసం చేసిందన్న ముద్ర కాదు, అండర్-19కి సిద్ధం కావడమే మార్గం. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి కోనసీమ, కాకినాడ, ఏలూరు, భీమవరం వైపు వాళ్లు తమ ఊరు ఏ క్రికెట్ సంఘం కిందికి వస్తుందో ముందే కనుక్కోవాలి.

డబ్బు మాట. కడప అమ్మాయి శ్రీచరణిని 2025 డబ్ల్యూపీఎల్‌కి (మహిళల ప్రీమియర్ లీగ్) ఢిల్లీ జట్టు 55 లక్షలకి తీసుకుంది, అదే ఏడాది ఆమె ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ ఆడింది. చూసి సంతోషించాలి, కానీ లెక్క దాని మీద వేయకూడదు. ఐదు జట్లు, జట్టుకు గరిష్ఠంగా 18 మంది, అందులో విదేశీయులు ఆరుగురు దాకా. అంటే దేశం మొత్తానికి మిగిలేవి అరవై చోట్ల లెక్కే. నమ్మదగింది రాష్ట్ర జట్టు, దాని తర్వాత ఉద్యోగం. సీనియర్ దేశవాళీ వన్డేలో తుది జట్టులో ఉన్నవారికి రోజుకు 20 వేలుండే ఫీజును బోర్డు 2025 డిసెంబరులో 50 వేలు చేసింది, బెంచీ మీదున్న వారికి అందులో సగం.

ఉద్యోగానికి పెద్ద దిక్కు రైల్వే, మహిళల క్రికెట్‌ని ఎన్నో ఏళ్లు మోసింది అదే. చేరాక దేశవాళీలో రైల్వేస్ తరఫునే ఆడాలి, అక్కడ పోటీ ఇంకా గట్టిది. స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లలో ఫలానా తేదీ తర్వాత సాధించిన వాటినే లెక్కలోకి తీసుకుంటారు, ఆ తేదీ సాధారణంగా రెండు మూడేళ్ల వెనకది. అందుకని ప్రతి రాష్ట్రస్థాయి టోర్నమెంటు అవగానే సర్టిఫికెట్ చేతికి తీసుకోండి, స్కోరుకార్డు నకలు దానికి జతచేయండి, పేరు అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.