బుధ శుక్రవారాలు, బీదల పెట్టె: పరదేశంలో పిల్లలకు తొలి సంఘపు అలవాట్లు

తొలి సంఘం అనగానే మనలో చాలామందికి అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం గుర్తొస్తుంది. అక్కడితో ఆగిపోతాం. ఆ తర్వాతి మూడు నాలుగు శతాబ్దాల విశ్వాసులు ఇళ్లలో ఎలా తిన్నారు, డబ్బు ఎలా పంచారు, పిల్లలకు కథలు ఎలా చెప్పారు అన్నది కూడా రాసిపెట్టి ఉంది. డిడాఖే అనే చిన్న గ్రీకు పుస్తకం 1వ శతాబ్దం చివర గానీ 2వ శతాబ్దం మొదట్లో గానీ రాసింది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. ఇరుగుపొరుగు వాళ్ల దేవుళ్లు వేరు, పండగలు వేరు, అలవాట్లు వేరు అయిన చోట కొద్దిమందిగా బతికిన కుటుంబాల కోసం రాసిన మాటలవి. డాలస్‌లోనో లండన్‌లోనో పిల్లల్ని పెంచుతున్న తెలుగు క్రైస్తవ కుటుంబానికి అవి సూటిగా తగులుతాయి. ఆదివారం గంటసేపు వినే ప్రసంగం కన్నా తిండిలో, డబ్బులో, మాటలో రోజూ కనిపించే చిన్న అలవాట్లే పిల్లల్లో నిలుస్తాయన్నది నా గట్టి నమ్మకం.

ముందు ఉపవాసం సంగతి. డిడాఖే బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండమంటుంది. మన ఊళ్లలో శుక్రవారం ఉపవాస ప్రార్థన, శ్రమదినాల్లో మాంసం మానడం ఉన్నవే కాబట్టి అమ్మమ్మ, నానమ్మలకు ఇది కొత్తగా అనిపించదు. కొత్తగా అనిపించేది హెర్మాసు మాట. 2వ శతాబ్దంలో రోమ్‌లో రాసిన ‘హెర్మాసు కాపరి’లో ఉపవాసానికి ఒక లెక్క ఉంది: ఆ రోజు రొట్టె, నీళ్లు మాత్రమే తీసుకో, మామూలుగా తినే భోజనానికి ఎంత అయ్యేదో లెక్కగట్టు, ఆ మొత్తం విధవరాలికో తల్లిదండ్రులు లేని బిడ్డకో అవసరంలో ఉన్నవాడికో ఇవ్వు.

ఎదిగే పిల్లల్ని పస్తు పెట్టకూడదు. మధుమేహం ఉన్నా, మందులు వాడుతున్నా, ఆటల ప్రాక్టీసు ఉన్నా అసలే వద్దు. వాళ్లు భోజనం మానక్కర్లేదు, భోజనం ఖర్చు తగ్గించుకుంటే చాలు. శుక్రవారం రాత్రి నలుగురికి బయటి నుంచి బిర్యానీ తెప్పిస్తే 60 డాలర్లు అవుతుందనుకుందాం. దాని బదులు పప్పు, చారు, అన్నం వండితే 10 డాలర్లు. మిగిలిన 50 డాలర్లు పక్కకు తీయాలి. ఈ మూడు అంకెలూ పిల్లల చేతే ఒక నోటుబుక్కులో రాయించండి. ఎనిమిదేళ్ల పిల్లకు తీసివేత వచ్చు, అందుకే ఉపవాసం ఎందుకో ఆ లెక్కలోనే తెలిసిపోతుంది.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలిసిందే. మాంసం మానేశాం కదా అని పనీర్, జీడిపప్పు కూరలు చేస్తే తేడా ఏమీ మిగలదు. శనివారం మధ్యాహ్నం రెట్టింపు తింటే పిల్లలు ఆ సంగతి ఇట్టే పట్టేస్తారు. డబ్బు బ్యాంకు ఖాతాలోనే ఉండిపోతే నెల తిరిగేసరికి మరిచిపోతాం, కాబట్టి ఆ రాత్రే నగదుగా తీసి పెట్టాలి. బరువు తగ్గడం గురించి మాత్రం ఆ బల్ల దగ్గర ఒక్క మాట కూడా రాకూడదు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లల మనసులో, మగపిల్లల మనసులో కూడా ఉపవాసం డైటింగ్‌తో కలిసిపోవడం చాలా తేలిక.

ఆ నగదు ఎక్కడ పెట్టాలో యోహాను క్రిసొస్తొము చెప్పాడు. 398లో కాన్‌స్టాంటినోపుల్ ఆర్చిబిషప్ కాకముందు ఆయన అంతియొకయలో ప్రసంగీకుడు. కొరింథు పత్రిక మీద ప్రసంగిస్తూ, ఇంట్లో బీదల కోసం ఒక చిన్న పెట్టె చేసి, ప్రార్థనకు నిలబడే చోటే పెట్టి, ముందు అందులో ఏదైనా వేసి ఆ తర్వాత ప్రార్థించమన్నాడు. మన పల్లె సంఘాల్లో అమ్మలు వంటకు ముందు గుప్పెడు బియ్యం పక్కన పెట్టడం సరిగ్గా ఇలాంటిదే. మూతకు చీలిక ఉన్న ఏ డబ్బా అయినా సరిపోతుంది. నెలాఖరు శనివారం తెరిచి పిల్లలే లెక్కపెట్టాలి, ఎవరికివ్వాలో పిల్లలే చెప్పాలి. ఒక నెల మీ ఊరి ఫుడ్ ప్యాంట్రీకి, మరో నెల స్వగ్రామంలో ఒకరికి ఇస్తే రెండు చోట్లూ వాళ్లవే అవుతాయి. ఇండియాలోని సంస్థకు పంపేటప్పుడు ఒక జాగ్రత్త: విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, అంటే విదేశీ విరాళాలు తీసుకోవడానికి భారత ప్రభుత్వ అనుమతి, ఉందో లేదో ముందు అడగాలి.

కథల విషయంలో క్రిసొస్తొముకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. పిల్లల పెంపకం మీద ఆయన విడిగా ఒక రచనే చేశాడు. రాత్రి భోజనం దగ్గర కయీను, హేబెలు కథ తండ్రి చెప్పాలి, తల్లి పక్కనే కూర్చుని మెచ్చుకుంటూ వినాలి. మరో సాయంత్రం అదే కథ పిల్లవాడి చేత చెప్పించాలి. అది బాగా వచ్చాకే యాకోబు, ఏశావుల కథకు వెళ్లాలి. గుడిలో ఆ భాగం చదివే రోజున చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, మిగతావాళ్లకు తెలియనిది తనకు ముందే తెలుసని పిల్లవాడు పొంగిపోతాడంటాడు. జలప్రళయం, సొదొమ లాంటివి ఎనిమిది, పదేళ్లకు లేదా కాస్త ముందు, నరకం సంగతి పదిహేను దాటాకే అంటాడు. మన సండే స్కూళ్లలో నాలుగేళ్ల పిల్లలకు నరకం బొమ్మలు చూపించేవాళ్లు ఈ మాట వినాలి.

పరదేశంలో దీనికి ఒక చిన్న మార్పు కావాలి. తెలుగు బైబిలులోని ‘వచ్చెను, చేసెను, పలికెను’ భాష ఇంట్లో మాత్రమే తెలుగు వినే పిల్లలకు అందదు. ముందు మామూలు మాటల్లో చెప్పండి, తాతయ్యతో వీడియో కాల్‌లో ఇంకోసారి చెప్పించండి, ఆ తర్వాతే ఆదికాండం 4వ అధ్యాయం నుంచి ఐదారు వచనాలు చదవండి. ఒక్కో కథకు రెండు మూడు వారాలు పట్టనివ్వండి. పిల్లలు తిరిగి చెప్పేటప్పుడు సగం ఇంగ్లీషు దొర్లినా మధ్యలో దిద్దకండి. దిద్దితే కథ ఆగిపోతుంది, మర్నాటి నుంచి నోరు తెరవరు. ప్రభువు ప్రార్థన మాత్రం తెలుగులోనే నేర్పవచ్చు. డిడాఖే చెప్పినట్టు రోజుకు మూడుసార్లు, బడికి వెళ్లేటప్పుడు కారులో, వచ్చాక, పడుకునే ముందు చెప్పుకుంటే దానంతటదే నోటికి వస్తుంది.

తోటివాడితో గొడవ ఉన్నవాళ్లు సమాధానపడేవరకు ప్రభువు దినాన కూడికలో చేరకూడదని డిడాఖే 14వ అధ్యాయం. అందుకే శనివారం రాత్రి పది నిమిషాలు కూర్చోవాలి, ముందు పెద్దవాళ్లు పిల్లలను క్షమాపణ అడగాలి, ఏ పని తప్పో పేరు పెట్టి చెప్పాలి. పిల్లల చేత బలవంతంగా సారీ చెప్పిస్తే అబద్ధం నేర్పినట్టే. ఒక హద్దు కచ్చితంగా ఉండాలి: సహవాసంలో ఎవరైనా పెద్దవాడు బిడ్డను బాధపెడితే దానికి ఈ సూత్రం వర్తించదు. అక్కడ ‘క్షమించమ్మా’ అనకూడదు, వెంటనే పోలీసులకో బాలల రక్షణ విభాగానికో చెప్పాలి.

కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో ఉంచినందుకు పౌలు మండిపడ్డాడు. తెలుగు సహవాస విందులో మీ పిల్లలు వరసలో చివర నిలబడనివ్వండి, రాలేకపోయిన జబ్బుమనిషికి ఒక డబ్బా వాళ్లతోనే పంపండి. రాలేనివారికి ప్రభువు బల్ల రొట్టెను పరిచారకులు తీసుకెళ్లేవారని 2వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ రచయిత జస్టిన్ రాశాడు. కొత్త కుటుంబాన్ని ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి కులం కూపీ లాగడం పిల్లల ముందు ఒక్కసారి జరిగినా ఆ బల్ల నేర్పిందంతా పోతుంది.

అతిథుల విషయంలో డిడాఖే దయగానూ, నిక్కచ్చిగానూ ఉంటుంది. దారిన పోయేవాడికి వీలైనంత సాయం చెయ్యి, అవసరమైతే రెండు మూడు రోజులు ఉండనివ్వు, స్థిరపడాలనుకుంటే పని చేసుకోనివ్వు అంటుంది. ఆగస్టులో చదువుకు దిగే విద్యార్థులకు ఇల్లు తెరిచేటప్పుడు ఈ వరస చక్కగా పనికొస్తుంది: మొదటి రోజులు పూర్తి ఆతిథ్యం, ఆ తర్వాత గది వెతకడంలో, బ్యాంకు ఖాతా తెరవడంలో తోడు. తిరుగుతూ వచ్చే బోధకుడి గురించి అది ఇంకా కఠినం: వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీ వరకు రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. వేసవిలో స్వదేశం నుంచి వచ్చే ప్రసంగీకులు మన ఇళ్లలోనే ఉంటారు, కానుకల మాట పిల్లల ముందే జరుగుతుంది. దారి ఖర్చులు ముందే మాట్లాడుకుని సహవాసం పేరున చెక్కు రాసివ్వండి, ఇంట్లో విడిగా కవర్లు చేతులు మారనివ్వకండి. ఎందుకని పిల్లలు అడిగితే డిడాఖే 11వ అధ్యాయం తెరిచి చదివించండి.