ట్రాక్ లేని టీమ్‌కి సపోర్ట్ చెయ్యడం

మీ టీమ్ ఎక్కడ ఆడుతుంది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ బీస్ అనే స్పీడ్‌వే బైక్ రేసుల టీమ్ మాది, అది 2016 సీజన్ తర్వాత సొంత ట్రాక్ మీద ఒక్క రేసు కూడా ఆడలేదు. అయినా నా కారు వెనక అద్దం మీద ఆ తేనెటీగ స్టిక్కర్ ఇంకా ఉంది, నలుపు పసుపు స్కార్ఫ్ అల్మారాలో ఉంది, మా ఆవిడేమో "ఆడని టీమ్‌కి ఇన్ని టీషర్టులెందుకండీ, రెండు ఆ చారిటీ షాపులో ఇచ్చెయ్యండి" అంటుంది. ఇవ్వను.

స్పీడ్‌వే అంటే మనవాళ్లలో చాలామందికి తెలీదు, బైక్ రేసు అనగానే మోటోజీపీ అనుకుంటారు. ఇది వేరే. 500 సీసీ ఇంజిన్, ఒక్కటే గేరు, బ్రేకులు అసలుండవు, అవును నిజంగానే ఉండవు. పెట్రోలు కాదు, మెథనాల్‌తో నడుస్తుంది. గుడ్డు ఆకారంలో ట్రాక్, దాని మీద షేల్ అనే ఎర్రటి రాతి పొడి, నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, మొత్తం కలిపి నిమిషం అటూ ఇటూ, అంతే రేసు అయిపోయింది. మలుపులో బండిని అడ్డంగా తిప్పి వెనక చక్రం జారిస్తూ తీసుకెళ్తారు, హ్యాండిల్ కుడివైపుకి ఉంటుంది, బండి ఎడమకి తిరుగుతుంటుంది, ఎడమ కాలి బూటు కింద ఇనప తొడుగు, ఆ కాలు నేల మీద రాసుకుంటూ పోతుంది. వృత్తిరీత్యా నేను కార్ల బ్రేకుల మీద పనిచేస్తా, అలాంటివాణ్ణి బ్రేకుల్లేని బండి చూడ్డానికి డబ్బులిచ్చి మరీ వెళ్తానని మా మేనేజర్ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

ఈ దేశంలో ఈ ఆట 1928లో మొదలైంది, లండన్ పక్కన ఎప్పింగ్ ఫారెస్ట్‌లో హై బీచ్ అనే చోట ఫిబ్రవరిలో పెద్ద రేసు పెడితే అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు జనం వచ్చిపడ్డారు. అదే ఏడాది కోవెంట్రీ బయట బ్రాండన్ అనే చిన్న ఊళ్లో మా స్టేడియం కూడా మొదలైంది. కోవెంట్రీకి ఇది నప్పింది కూడా, ట్రయంఫ్ లాంటి బైకులు పుట్టిన ఊరు కదా, ఇంటికొక మెకానిక్ ఉన్న ఊరు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఓలే ఓల్సెన్ మూడోసారి వరల్డ్ ఛాంపియన్ అయినప్పుడు, 1978లో, మా బీస్‌కే ఆడుతున్నాడు, ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ లీగ్ కూడా మనదే. ఇవన్నీ నేను చూసినవి కాదు, స్టాండులో నా పక్కన నిలబడే పెద్దాయన చెప్పగా విన్నవి. ఆయన రిటైరయిన ఫ్యాక్టరీ ఫిట్టరు, పాత బీస్ రైడర్ నైజెల్ బూకాక్ గురించి మొదలుపెట్టాడంటే ఆగడు.

నన్ను మొదట తీసుకెళ్లింది షాప్ ఫ్లోర్‌లో పనిచేసే ఒకతను, శుక్రవారం సాయంత్రం, ఏదో చూద్దాంలే అని వెళ్లా. వెళ్లగానే నాకు మా పల్నాడులో తిరునాళ్లకి జరిగే ఎద్దుల బండలాగుడు పోటీలు గుర్తొచ్చాయి. అదే దుమ్ము, అదే మైకు గోల, ఎవరి జత ఎంత లాగిందో కాగితం మీద రాసుకుంటూ కూర్చునే తాతలు, గోడ దగ్గర చోటు కోసం ముందే వచ్చి నిలబడే పిల్లలు. ఇక్కడ కూడా అందరూ రాసుకుంటారు. ప్రోగ్రామ్ అని చిన్న పుస్తకం అమ్ముతారు, అందులో పదిహేను రేసులకీ గళ్లు గీసి ఉంటాయి, రేసు రేసుకీ మనమే పెన్నుతో నింపుకోవాలి. ఫస్ట్ వస్తే 3, తర్వాత 2, 1, ఆఖరివాడికి సున్నా. తోటి టీమ్ రైడర్ వెనకే వస్తే బోనస్, దానికి పక్కన చిన్న గుర్తు. హోమ్ టీమ్‌కి ఎరుపు, నీలం హెల్మెట్లు, వచ్చినవాళ్లకి తెలుపు, పసుపు. వాన పడితే ఇంకు కారిపోతుంది కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు పెన్సిలు తెచ్చుకుంటారు, కొంతమంది క్లిప్‌బోర్డుకి చిన్న టార్చి కూడా కట్టుకుంటారు. పెద్దాయన ప్రోగ్రామ్ చూస్తే బ్యాంకు లెడ్జరులా ఉంటుంది, కొట్టివేత ఒక్కటి కనపడదు.

ఇక 2010. ఆ ఏడాది పూల్ అనే ఊరి టీమ్ పాయింట్ల టేబుల్‌లో అందరికంటే చాలా పైన, మామూలుగా అయితే కప్పు వాళ్లదే, కానీ ప్లే ఆఫ్ ఫైనల్‌లో మనం కొట్టేశాం. టేబుల్ టాపర్‌కి కప్పు రాకపోవడం న్యాయమేనా అంటే, కాదు, నేనే పూల్ సపోర్టర్ని అయితే ఇప్పటికీ తిట్టుకునేవాణ్ణి. నేను పూల్ సపోర్టర్ని కాదు కదా, కాబట్టి ప్లే ఆఫ్‌లు అద్భుతమైన సిస్టమ్.

సరే, కష్టాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం తగ్గింది డెవలపర్ల వల్ల మాత్రమే కాదు. ఈ ఆట తన సపోర్టర్లని తనే చాలా విసిగించింది. ఒక రైడర్‌కి దెబ్బ తగిలితే "గెస్ట్" అని వేరే క్లబ్ రైడర్‌ని ఆ రాత్రికి తెచ్చుకోవచ్చు, అంటే పోయిన వారం మనం గొంతు చించుకుని తిట్టినవాడే ఈ వారం మన జెర్సీలో వస్తాడు, చప్పట్లు కొట్టాలి. ఇంకొకడు పై లీగ్‌లో ఒక టీమ్‌కీ కింది లీగ్‌లో ఇంకో టీమ్‌కీ ఒకేసారి ఆడతాడు. టీమ్‌లో రైడర్ల పాయింట్ల యావరేజీలన్నీ కలిపి ఒక లిమిట్ దాటకూడదని రూలు, దాని వల్ల బాగా ఆడి యావరేజీ పెంచుకున్న కుర్రాణ్ణే వచ్చే ఏడాది వదులుకోవాల్సి వస్తుంది. ఇవన్నీ కొత్తవాడికి ఎలా చెప్తాం? మా కొలీగ్ ఒకణ్ణి తీసుకెళ్తే మూడో రేసు దగ్గర "అంటే వీడు మనవాడా కాదా" అని అడిగాడు, నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు.

పైగా డబ్బంతా పోలాండ్‌లో ఉంది. అక్కడ స్టేడియాలు నిండుతాయి, స్పాన్సర్లు పోటీపడతారు, పెద్ద రైడర్లు ఆదివారం పోలాండ్, మంగళవారం స్వీడన్ అని విమానాల్లో తిరుగుతుంటారు, మిగిలిన రోజు ఏదైనా ఉంటే ఇంగ్లండ్. వాళ్లకి జీతాలు కూడా ఉండవు చాలావరకు, పాయింటుకి ఇంత అని లెక్క, బండి వాళ్లదే, ఇంజిన్ రిపేరు వాళ్లదే, వ్యాన్ వాళ్లదే. అందుకే 2017 నుంచి పై లీగ్ మ్యాచులు వారం మధ్యకి జరిపేశారు, సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి అయ్యే మ్యాచ్‌కి స్కూలు పిల్లల్ని ఎవరు తీసుకొస్తారండీ? 2020లో కోవిడ్‌తో లీగ్ సీజన్ మొత్తం పోయింది. తర్వాత బ్రెగ్జిట్ పుణ్యమా అని డెన్మార్క్, పోలాండ్ కుర్రాళ్లకి కూడా స్పాన్సర్‌షిప్ కాగితాలు, వీసాలు. వీసా ఇంకా రాలేదు అందుకే ఫలానా రైడర్ ఈ వారం ఆడట్లేదు అని మైకులో చెప్పినప్పుడు చుట్టూ ఉన్న ఇంగ్లీషోళ్లందరూ అదేదో వింతలా చూశారు, నాకు మాత్రం చాలా సొంతింటి విషయంలా అనిపించింది.

అసలు రోగం వేరే, చాలా క్లబ్బులకి స్టేడియం సొంతం కాదు. కుక్కల రేసుల కంపెనీదో, ఎగ్జిబిషన్ గ్రౌండ్ వాళ్లదో, వీళ్లు వారానికొక రాత్రి అద్దెకుండేవాళ్లు. ఊరి పక్కన పదెకరాల చదును నేల, పార్కింగుతో సహా, ఇళ్ల రేట్లేమో ఇలా. ఓనరు మారితే చాలు, తొంభై ఏళ్ల చరిత్ర లీజు కాగితంలో ఒక క్లాజు కింద పోతుంది. లేక్‌సైడ్, రై హౌస్ 2018లో పోయాయి. స్విండన్ 2019 తర్వాత ఆడలేదు. పీటర్‌బరో, వుల్వర్‌హాంప్టన్ రెండూ 2023తో ఆగాయి. వుల్వర్‌హాంప్టన్ మాకు పక్కూరి శత్రువులు, వాళ్ల ట్రాక్ మోన్‌మోర్ గ్రీన్‌లో లీజు పొడిగించట్లేదని తెలిసినప్పుడు సంతోషించాల్సిన మా పెద్దాయన "ఇంక నేనెవర్ని తిట్టాలి" అని దిగాలుగా కూర్చున్నాడు.

మా బ్రాండన్ కూడా అంతే. స్థలం ఒక డెవలపర్ చేతికెళ్లింది, ఇళ్లు కడతామన్నారు, 2016తో రేసులు ఆగాయి. ఖాళీగా పడున్న స్టేడియంలోకి ఎవరెవరో దూరారు, వైర్లు పీక్కుపోయారు, మంటలు కూడా అంటుకున్నాయి. టీమ్ 2018లో నేషనల్ లీగ్ అని కింది స్థాయిలో లెస్టర్ ట్రాక్ అద్దెకి తీసుకుని ఆడింది, తర్వాత అదీ లేదు. అక్కణ్ణుంచి సపోర్టర్ అంటే రేసులకెళ్లేవాడు కాదు, ప్లానింగ్ కాగితాలు చదివేవాడు అయ్యాడు. స్టాక్ కార్ రేసుల వాళ్లకి కూడా అదే స్టేడియం కాబట్టి వాళ్లూ మేమూ కలిసిపోయాం, క్యాంపెయిన్ గ్రూపు తయారైంది. ఇంకో విశేషం, పేరుకి కోవెంట్రీ స్టేడియం అయినా బ్రాండన్ ఉండేది రగ్బీ (ఆట కాదు, ఊరి పేరు) కౌన్సిల్ పరిధిలో, అంటే మా కౌన్సిలర్ని పట్టుకుంటే లాభం లేదు, పక్క ఊరి కౌన్సిల్‌కి రాయాలి.

అభ్యంతరం రాయడం కూడా ఒక విద్యే. "మా చిన్నప్పటి జ్ఞాపకాలు, దయచేసి కూల్చొద్దు" అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఇక్కడి ప్లానింగ్ రూలు ప్రకారం ఆటలకి వాడే స్థలం మీద ఇళ్లు కట్టాలంటే, ఒకటి అది ఇక అవసరం లేదని తేల్చి చూపించాలి, లేదా అంతకు తగ్గని స్థలం ఇంకోచోట ఇవ్వాలి. మనం రాసే ప్రతి లైనూ ఆ రూలుకి తగలాలి. పెద్దాయన మొదటి డ్రాఫ్టులో నాలుగు పేజీలు ఓల్సెన్ గురించే ఉంది, నేను మా కిచెన్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి "సార్, ఇది బావుంది కానీ ఇందులో స్టేడియానికి ఎంతమంది వచ్చేవారో ఎక్కడా లేదు" అంటే, లేచి వెళ్లి అట్టపెట్టె నిండా పాత ప్రోగ్రాములు తెచ్చాడు. వానకి రద్దయినవి ఏవి, నిండినవి ఏవి, పక్కన పెన్సిలుతో అన్నీ రాసి ఉన్నాయి. మా ఆవిడ టీ పెట్టి ఇస్తూ ఆ పెట్టె వంక చూసి, ఆ రోజు మాత్రం టీషర్టుల ఊసెత్తలేదు.

రగ్బీ కౌన్సిల్ 2022 నవంబరులో అప్లికేషన్ తిరస్కరించింది. డెవలపర్లు అప్పీలుకెళ్లారు, 2023లో పబ్లిక్ ఎంక్వైరీ జరిగింది, లీవు పెట్టి వెళ్లి వెనక వరసలో కూర్చున్నా. రేసులంత హుషారేమీ ఉండదు, లాయర్లు, ఫైళ్లు, పేజీ నంబర్లు, మధ్యలో ఒకాయన కునుకు కూడా తీశాడు. అవతలివాళ్ల వాదన స్థూలంగా, ఈ ఆటకి కాలం చెల్లింది, మళ్లీ పెట్టినా గిట్టుబాటు కాదు అని. నాకు ఇక్కడే ఒళ్లు మండింది, నువ్వే గేటుకి తాళం వేసి నువ్వే జనం రావట్లేదంటే ఎలా? చివరికి అప్పీలు కొట్టేశారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపు మోగిపోయింది, మా పెద్దాయన ఫోన్లో మాట్లాడలేక పెట్టేశాడు.

అయితే అప్పీలు పోయినంత మాత్రాన ట్రాక్ రాదు. ఇళ్లు కట్టనివ్వకపోవడం వేరు, రేసులు పెట్టించడం వేరు. స్థలం ఇంకా డెవలపర్లదే. కాలిపోయిన స్టాండు మళ్లీ కట్టాలంటే డబ్బు, కొనాలంటే వాళ్లు అమ్మాలి, ఏదీ మన చేతిలో లేదు.

మధ్యలో లెస్టర్ వెళ్తున్నాం. ఒకప్పుడు వాళ్ల టీమ్ లయన్స్ అంటే మాకు పడేది కాదు, ఇప్పుడు వాళ్ల గేటు దగ్గర టికెట్ కొంటున్నాం. కొంతమంది పాత బీస్ సపోర్టర్లు ససేమిరా రానన్నారు, వాళ్లని నేను తప్పుపట్టను. నేను ఎందుకెళ్తానంటే, ఒకటి, ఆ మెథనాల్, ఆముదం నూనె కలిసిన వాసన లేకపోతే నాకు వేసవి వచ్చినట్టుండదు. రెండు, లెస్టర్ కథే మాకున్న ఆశ. వాళ్ల పాత ట్రాక్ బ్లాక్‌బర్డ్ రోడ్ 1983లో మూతపడి ఇళ్లయిపోయింది. మళ్లీ బోమాంట్ పార్క్‌లో కొత్త ట్రాక్ వేసుకుని దిగింది 2011లో, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత. ఆక్స్‌ఫర్డ్‌ది ఇంకా దగ్గరి కథ, 2007లో స్పీడ్‌వే ఆగిపోయింది, తర్వాత స్టేడియమే మూతపడింది, కౌన్సిల్ ఆ చోటుని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించి నిలబెట్టింది, 2022లో రేసులు తిరిగొచ్చాయి. కాబట్టి కుదరదని ఎవరైనా అంటే ఈ రెండు ఊళ్ల పేర్లు చెప్తా. ఇరవై ఎనిమిదేళ్లు అంటే మా పెద్దాయన మొహం మాడ్చుకుంటాడు, ఆయన వయసు అలాంటిది, అందుకే ఆయన ముందు ఆక్స్‌ఫర్డ్ లెక్కే చెప్తా.

మిడ్‌ల్యాండ్స్‌లో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా వీకెండ్ వస్తే క్రికెట్, బిర్యానీ తప్ప ఇంకేం లేదనుకునేవాళ్లు, ఒక్కసారి లెస్టర్ రండి. మార్చి ఆఖరు నుంచి అక్టోబరు దాకా సీజన్. పిల్లలకి చెవులకి పెట్టుకునేవి తెండి, సౌండు బాగా ఉంటుంది. తెల్ల చొక్కా వద్దు. మొదటి మలుపు దగ్గర నిలబడితే రేసు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కాకపోతే షేల్ ఎగిరి మీద పడుతుంది, కాబట్టి చేతిలో కాఫీ ఉంటే రేసు మొదలుపెట్టడానికి అడ్డంగా కట్టిన టేపులు లేవకముందే తాగెయ్యండి.