కరాటే నేర్చిన కర్రసాము గురువు

కరాటే కొన్నేళ్ళు చేసినవాళ్ళ చేతికి ఒక బెత్తం ఇచ్చి కొట్టమనండి. కాళ్ళు వాటంతట అవే విడిపోతాయి, నడుము కిందికి దిగుతుంది, ఖాళీ చెయ్యి వెనక్కి వచ్చి నడుముకి అతుక్కుంటుంది, ఒక్క దెబ్బ గట్టిగా పడుతుంది, అంతే, మనిషి అక్కడే ఆగిపోతాడు. ఫిలిప్పీన్స్ కర్రసాము నేర్పేవాళ్ళు ఇదంతా మాన్పించడానికే మొదటి కొన్ని నెలలు ఖర్చు పెడతారు. దెబ్బ తగిలాక కర్ర వెనక్కి వచ్చే దారిలోనే రెండో దెబ్బ ఉండాలి, ఖాళీ చెయ్యి ఊరికే ఉండకుండా ఎదుటివాడి చేతిని తడుతూ, నొక్కుతూ, పక్కకి తోస్తూ ఉండాలి. నన్నడిగితే ఖాళీ చేతి సంగతే ఎక్కువ కష్టం.

ఈ రెండు విద్యలూ ఒకే ఒంట్లో పెట్టుకున్న మనిషి రెమీ ప్రేసాస్. ఆయన 1936లో ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ ఆక్సిడెంటల్ ప్రావిన్స్‌లో, హినిగరన్‌లో పుట్టాడు. తాత దగ్గర కర్ర పట్టడం మొదలుపెట్టి, ఇంకా మీసాలు కూడా రాని వయసులోనే గురువులని వెతుక్కుంటూ ఇల్లు వదిలాడు. ఆ రోజుల్లో అక్కడ కర్రసాము అంటే సెబూ దీవి. 1932లో పెట్టిన డోసే పారెస్ సంఘం అక్కడే ఉంది, దానిలోంచి బయటికొచ్చి వెనాన్సియో బాకోన్ 1952లో మొదలుపెట్టిన బాలింతావాక్ కూడా అక్కడే. బాలింతావాక్ వాళ్ళది ఒంటి కర్ర, బాగా దగ్గరగా నిలబడి ఆడే ఆట. ప్రేసాస్ చేతుల్లో ఆ దగ్గరి ఆట చివరిదాకా కనిపిస్తుంది. దీనితో పాటే జూడో నేర్చుకున్నాడు, షోటోకాన్ కరాటే నేర్చుకున్నాడు.

ఆయన గురించి రాసేవాళ్ళు ఎక్కువగా కర్ర వేగం గురించి రాస్తారు. వేగం ఉన్నవాళ్ళు సెబూలో చాలామందే ఉండేవాళ్ళు. నాకు ఆయనలో గొప్పగా అనిపించేది వేరే. పాత పద్ధతిలో సాధన అంటే ఎదుటివాడి చేతినే కొట్టడం, ఎందుకంటే కర్ర పట్టిన చెయ్యి చితికితే కోరలు పీకిన పాముతో సమానం. యుద్ధానికి అది సరైన లెక్కే, కానీ సాధనలో రోజూ వేళ్ళు వాచిపోతుంటే కొత్త కుర్రాడు రెండో వారం ఎందుకొస్తాడు? పక్కనే కరాటే, జూడో క్లాసులున్నాయి, తెల్ల బట్టలు, రంగు బెల్టులు, ఒక వరసలో పాఠం, పిల్లలు అటే వెళ్తారు కదా. ప్రేసాస్ చేసిందల్లా చేతికి బదులు కర్రని కర్రతో కొట్టించడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ దాంతో వందమందిని ఒకేసారి నిలబెట్టి నేర్పొచ్చు, స్కూల్లో పీఈటీ క్లాసులో పెట్టొచ్చు. ఫిలిప్పీన్స్ కర్రసాముకి అర్నిస్ అని పేరు. తన పద్ధతికి మోడర్న్ అర్నిస్ అని పేరు పెట్టి, కరాటే నుంచి బెల్టులూ యూనిఫామూ తెచ్చుకున్నాడు, కరాటేలో ఒంటరిగా చేసే కదలికల వరస కటా లాగా అన్యోలు పెట్టాడు, దెబ్బలకి 1 నుంచి 12 దాకా అంకెలిచ్చాడు. ఒకటి, రెండు కణతలకి, అయిదు పొట్టలో పొడుపు, పన్నెండు నడినెత్తికి.

పాతకాలపు వాళ్ళు కొందరు దీన్ని పలచన చేయడం అన్నారు. వాళ్ళ మాటలో కొంత నిజం ఉందనే అంటాను. నెలల తరబడి కర్రని కొట్టడానికే అలవాటు పడ్డ చెయ్యి, చేతిని కొట్టే అవకాశం వచ్చినా కర్ర కోసమే వెతుక్కుంటుంది, దూరం అంచనా కూడా తప్పుతుంది. మంచి మాస్టర్లయితే మధ్యమధ్యలో మెత్తటి కర్రలు, చేతికి గ్లౌజులు ఇచ్చి నిజం టార్గెట్‌ని కొట్టిస్తారు. చాలా చోట్ల అది జరగదు, టకటకమని చప్పుడు బాగుంటే చాలు అనుకుంటారు.

1970ల మధ్యలో ఆయన అమెరికా వెళ్ళిపోయాడు. అక్కడ ఒక పెద్ద స్కూలు పెట్టి కూర్చోకుండా ఊరూరా తిరిగి సెమినార్లు ఇచ్చాడు, ఎక్కువగా కరాటే వాళ్ళకే. మీ విద్య వదలొద్దు, దాంట్లోనే ఇది ఉంది అని చెప్పేవాడు. ఇది మొహమాటానికి అన్న మాట కాదు. కరాటే కటాలో రెండు చేతులూ అడ్డంగా కలిసి విడిపోయే కదలిక ఒకటుంది, దాన్ని ఊరికే బ్లాక్ అని చెప్పి వదిలేస్తారు. రెండు కర్రలనీ అల్లికలా తిప్పే సినవాలి చేసి, తర్వాత కర్రలు పక్కన పెట్టి అదే చేతులు తిప్పితే, మొదటి చెయ్యి వచ్చే గుద్దుని తప్పించడం, రెండోది పట్టుకోవడం, మళ్ళీ మొదటిది కొట్టడం అని తెలుస్తుంది. నడుము దగ్గరికి లాగే చేతిలో ఎదుటివాడి మణికట్టు ఉండాలని అప్పుడు బుర్రకెక్కుతుంది! స్మాల్ సర్కిల్ జుజుత్సు పెట్టిన వాలీ జేతో ఆయన స్నేహం కూడా ఇలాంటిదే, ఇద్దరూ కలిసి క్యాంపులు నడిపారు, మోడర్న్ అర్నిస్‌లో కీళ్ళు మెలిపెట్టే పట్లు అంత చక్కగా కుదరడంలో ఆ స్నేహానిదీ ఒక చెయ్యి ఉంది.

ఇలా కలిపింది ఆయనొక్కడే కాదులెండి. సెబూలోనే కకోయ్ కన్యేటే కర్రలోకి జూడో, జుజుత్సు తెచ్చి ఎస్క్రిడో అన్నాడు, తొంభై దాటాక కూడా నేర్పాడు. ఆయన గురించి ఇంకోసారి రాస్తాను.

ప్రేసాస్ 2001లో కెనడాలో చనిపోయాడు. 2009లో ఫిలిప్పీన్స్ 9850వ నంబరు చట్టంతో అర్నిస్‌ని జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించి, స్కూళ్ళలో పీఈటీలో భాగం చేసింది. పిల్లలకి వేళ్ళు విరక్కుండా నేర్పే దారి ఒకటి అప్పటికే ఉండబట్టి అది సాధ్యమైంది.

కరాటే చేస్తూ ఇది మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక మాట. బెత్తమే కొనండి, 28 అంగుళాలది. నల్లగా మెరిసే కమగోంగ్ అనే గట్టి చెక్క కర్ర చూడ్డానికి బాగుంటుంది గానీ బరువెక్కువ, జంట సాధనలో తగిలితే ఎముకకి తగులుతుంది. బెత్తం విరిగి ముక్కలై ఎగరదు, పీచు పీచుగా లేస్తుంది, టేప్ చుట్టుకుంటే ఇంకొన్నాళ్ళు వస్తుంది. రెండు కొనుక్కోండి, ఎడమ చేతికి కూడా పని పడుతుంది.