శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను

2024 సెప్టెంబరు 1 ఆదివారం మా చర్చిలో ఆరాధన జరగలేదు. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్ళు విజయవాడలోని మా సింగ్‌నగర్ మీదికి వచ్చేశాయి. పొద్దున గుమ్మం దగ్గర కనిపించిన నీళ్ళు చూస్తుండగానే కిటికీ ఊచల దాకా లేచాయి. అమ్మను, పిల్లాణ్ణి పైపోర్షన్ వాళ్ళింటికి ఎక్కించాం. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో విజయవాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు. కరెంటు లేని రాత్రులు, దోమలు, కుళ్ళు వాసన, పడవ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపులు, డ్రోన్లు దించిన భోజనం పొట్లాలు. ఆ నెలాఖరుకే నన్ను మంచాన పడేసిన నరాల జబ్బుకు మూలం ఆ నీళ్ళేనని డాక్టర్ల అనుమానం. అందుకే ఇక్కణ్ణుంచి చెబుతున్నాను.

నీళ్ళు తీశాక ఇంట్లో మిగిలింది బురద. ఫ్రిజ్ బోర్లా పడి ఉంది, పరుపులు ఎత్తలేనంత బరువెక్కాయి. అమ్మ వాటి వైపు చూడనే లేదు. బురదలోంచి తన బైబిలు వెతికి తీసి, డాబా మీద నీడన కూర్చుని ఒక్కో కాగితం విడదీయడం మొదలుపెట్టింది. చివర పట్టుకుంటే చిరిగిపోతాయని కుట్టు దగ్గర వేలు పెట్టి మెల్లగా ఊదేది. కాగితానికీ కాగితానికీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టేది, అవి తడిస్తే తీసి పొడివి పెట్టేది. కొన్నాళ్ళకు యెషయా గ్రంథం దాకా వచ్చి ఆగింది. "ఇక్కణ్ణుంచి అట్టలా అతుక్కుపోయిందే, తర్వాత చూస్తా" అంది.

ఆ వారంలోనే నాకు విరేచనాలు పట్టుకున్నాయి. వీధిలో సగం మందికి ఉన్నాయి, తగ్గిపోయాయి, నాకూ తగ్గాయి. నెలాఖరులో ఒక రోజు పొద్దున అరికాళ్ళు తిమ్మిరెక్కినట్టు అనిపించింది. బురద కడిగీ కడిగీ నరాలు పట్టేశాయని మా ఆయన వేడినీళ్ళు పెట్టాడు. మర్నాటికి మెట్లు ఎక్కలేకపోయాను. ఆ సాయంత్రం చేతిలో గ్లాసు నిలబడలేదు. నడుములో ఒకటే నొప్పి. సూర్యారావుపేటలో ఒక న్యూరాలజీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే, ఆయన చిన్న సుత్తితో మోకాళ్ళ కింద కొట్టి చూశారు. కాళ్ళు కదలలేదు. అప్పటికప్పుడు ఐసీయూలో చేర్చుకున్నారు.

గిలన్ బరే సిండ్రోమ్. 2025 మొదట్లో పుణెలో కేసులు ఎక్కువై టీవీల్లో జీబీఎస్, జీబీఎస్ అని మోగింది చూడండి, అదే. మాకు వచ్చినప్పుడు ఆ పేరు ఇంట్లో ఎవరూ విని ఉండలేదు. ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుందట. విరేచనాలో జలుబు జ్వరమో వచ్చి తగ్గాక, ఆ క్రిమి మీదికి వెళ్ళాల్సిన మన రోగనిరోధక శక్తే దారి తప్పి నరాల మీద పడుతుంది. "కరెంటు వైరు పైన రబ్బరు ఊడిపోయినట్టమ్మా, వైరు ఉంటుంది గానీ కరెంటు సరిగ్గా పారదు" అని డాక్టర్ గారు చెప్పారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట: పాదాల్లో మొదలైన తిమ్మిరి, బలహీనత పైకి పాకుతుంటే నూనె మర్దనాలు చేసుకుంటూ ఇంట్లో కూర్చోకండి. ఊపిరి కండరాల దాకా వస్తే టైం ఉండదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నలుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఆ ఒకరిలో నేనున్నాను.

ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించాలన్నారు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు. అరవై కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు. ఐదు గ్రాముల సీసా ఒక్కోటి వేలల్లో ఉంటుంది. మా ఇల్లు అప్పుడే మునిగి లేచింది, మా సంఘంలో చాలా ఇళ్ళదీ అదే కథ. కింది పోర్షన్లలో మునిగిన కుటుంబాలకు ప్రభుత్వం 25 వేల రూపాయలు ఇచ్చింది ఆ రోజుల్లోనే. మా చర్చిలో ఇస్త్రీ బండి నడిపే పిన్ని ఉంది. ఆమె బండి కొట్టుకుపోయింది, ఇస్త్రీకి ఇచ్చిన జనం బట్టలూ పోయాయి. ఖాతాలో పడిన ఆ డబ్బులోంచి సగం తీసి మా ఆయన చేతిలో పెట్టిందట. వద్దన్నాడట ఆయన. "నీకు కాదయ్యా, పిల్లకి" అందట. మా చర్చి ఆడవాళ్ళ బృందం, స్త్రీల మైత్రి వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. నా నరాల్లో ఎక్కిన మందులో ఎవరెవరి గిన్నెలు, ఎవరెవరి మంచాలు కొనుక్కోవాల్సిన డబ్బు ఉందో నాకు తెలుసు. ఆ పేర్లన్నీ ప్రార్థనలో చెప్పుకుంటాను.

ఐసీయూ గురించి ఎక్కువ రాయను. గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ముఖం కండరాలు కూడా పడిపోవడంతో కనురెప్పలు మూతపడేవి కావు, జెల్ వేసి టేపు అంటించేవారు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది, అన్నీ వినబడుతున్నాయి. కనుగుడ్లు కదిలించి జవాబు చెప్పమని అక్క అక్షరాల పట్టిక రాసి తెచ్చింది. తెలుగులో గుణింతాలతో సహా ఒక మాట కూర్చేసరికి ఇద్దరం అలిసిపోయేవాళ్ళం. ఇలా కాదని 'పక్కకు తిప్పు', 'నొప్పి', 'కఫం', 'ఏసీ' అని ఒక అట్ట మీద నాలుగు మాటలు రాసింది. మొదట్లో రోజూ అమ్మ వచ్చేది. నా పాదాలు పట్టుకుని ప్రార్థన చేసి వెళ్ళేది. తర్వాత రావడం మానేసింది. "మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేకపోతోంది" అన్నారు. 'అమ్మ' అనే మాట ఆ అట్ట మీద లేదు.

వెంటిలేటర్ తీసేసి, వార్డుకు మార్చాక చెప్పారు. మా పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, అక్క ముగ్గురూ కలిసి వచ్చారు. వాళ్ళు గదిలోకి వచ్చిన తీరు చూడగానే నాకు అర్థమైంది. నేను ఐసీయూలో ఉండగానే ఒక తెల్లవారుజామున అమ్మ గుండె ఆగిపోయింది. సంఘమంతా కలిసి భూస్థాపన చేశారు. నేను లేకుండా, నాకు తెలియకుండా. అక్క ఏడుస్తుంటే నా ముఖం ఏడుపుకు కూడా ముడుచుకోలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. అయ్యగారు ఏ ఓదార్పూ చెప్పలేదు. 88వ కీర్తన తీసి మొత్తం చదివారు. అందులో ఒక మనిషి రాత్రింబగళ్ళు దేవునికి మొర పెడుతుంటాడు, జవాబు రాదు, ఆ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయ్యగారూ అక్కడే ఆగి, బైబిలు మూసి, కుర్చీలో కూర్చుండిపోయారు. విజిటర్ల టైం అయిపోయిందని నర్సు వచ్చి చెప్పేదాకా కదల్లేదు. అలాంటి మాటలు కూడా దేవుని వాక్యంలో ఉన్నాయని నాకు తెలుసు. నా మంచం పక్కన ఒకరు వాటిని బయటికి చదవడం వేరు.

ఇంటికొచ్చాక నా కోసం మళ్ళీ ఆదరణ కూడిక పెట్టారు. అందరూ ప్రేమతోనే వచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒక పెద్దావిడ నా తల నిమిరి, "నీ ప్రాణానికి బదులు మీ అమ్మ ప్రాణం దేవుడు తీసుకున్నాడమ్మా, ఆమె అలాగే ప్రార్థన చేసింది" అంది. ఆ మాట గుండెలో దిగిపోయింది. అమ్మ అలా అడిగి ఉంటుందని నాకూ తెలుసు. ఏ తల్లయినా అడుగుతుంది. మరి ఆయన ఒప్పుకున్నాడా? ఒక తల్లిని తీసుకుని ఒక కూతుర్ని వదిలేసే దేవుణ్ణి నేను ఎలా స్తుతించాలి? చాలా రాత్రులు ఇదే ఆలోచన. పక్కకు ఒత్తిగిల్లడానికి కూడా మనిషి సాయం కావాలి, లేచి తిరిగి మర్చిపోదామన్నా వీల్లేదు.

అయ్యగారిని అడిగాను. నా మాట అప్పటికి ముద్దముద్దగా వస్తోంది, ఆయన ఓపిగ్గా విన్నారు. "మన దేవుడు తల్లుల దగ్గర ప్రాణాలు బేరమాడేవాడు కాదమ్మా. ఇవ్వాల్సిన ప్రాణం సిలువ మీద తన కుమారుడిదే ఇచ్చేశాడు. ఇంకొకరి ప్రాణం ఆయనకు అక్కర్లేదు. మీ అమ్మ గుండె జబ్బుతో చనిపోయింది. మరణం శత్రువు అని పౌలు రాశాడు, చివరి శత్రువు అని. శత్రువును దేవుని చిత్తం అని పిలవకు" అన్నారు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చిన సంగతి గుర్తు చేశారు. అతణ్ణి బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడు. ఆ రోజు నుంచి నేను అమ్మ కోసం ఏడవడానికి సిగ్గుపడలేదు, విశ్వాసం తక్కువైందేమో అని భయపడలేదు.

డిసెంబరు 1, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం, చక్రాల కుర్చీలో నన్ను చర్చికి తీసుకెళ్ళారు. గోడల మీద వరద నీటి గీత ఇంకా ఉంది, కిటికీల మధ్యలో. బెంచీలు ఉబ్బి పగుళ్ళు ఇచ్చాయి. మేం నమ్మేదేమిటో ఆరాధనలో అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణానికి అందరూ లేచారు. నేను కూర్చునే చెప్పబోయాను. పెదవులు ఇంకా సరిగ్గా కలవట్లేదు. పెదవులు కలవకపోతే ప, బ, మ పలకవు. అమ్మ అనలేను, ప్రభువా అనలేను. చిన్నప్పటి నుంచి అలవాటుగా అప్పజెప్పిన మాటలు నా చుట్టూ నిలబడి జనం చెబుతున్నారు. "పరిశుద్ధుల సహవాసమును, పాపక్షమాపణను, శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను."

శరీరము. అది విని నేను అదిరిపడ్డాను. ఇన్నేళ్ళూ పరలోకం అంటే ఆత్మ హాయిగా ఎక్కడికో వెళ్ళిపోవడమనే అనుకున్నాను. ఈ ఒళ్ళు ఎంత పనికిరాకుండా పోతుందో నాకిప్పుడు తెలుసు, మట్టిలో పెట్టిన అమ్మ ఒళ్ళు గురించీ తెలుసు. సంఘం చెబుతున్నది ఆ రెంటి గురించే. నా పాదాలు పట్టుకున్న ఆ చేతులు లేస్తాయి. కాగితాలు ఊదిన ఆ నోరు లేస్తుంది. యేసు లేచాక చేపముక్క తిన్నాడు, గాయాలు చూపించాడు. నా నిరీక్షణ దీని మీదే నిలబడింది. నేను చెప్పలేని ఆదివారం ఇస్త్రీ పిన్ని, సంఘ పెద్దలు, కాయిర్ పిల్లలు నా వంతు కూడా కలిపి చెప్పారు. వాళ్ళలో ఆ వరద తర్వాత ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న వాళ్ళు ఇంకా ఉన్నారు. గొంతు పూడుకుపోయి మధ్యలో ఆగిన వాళ్ళను పక్కవాళ్ళు దాటించారు.

నరాల పై పొర మెల్లగా తిరిగి వస్తుంది, తొందరపెట్టలేం. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ వచ్చేవాడు. ముందు మంచం అంచున కూర్చోవడం, తర్వాత వాకర్. వేళ్ళకు పని ఇవ్వండి, బఠానీలు ఏరండి, గుండీలు పెట్టండి అన్నాడు. నేను అమ్మ బైబిలు తీశాను. అట్టకట్టిన చోటు నుంచి, యెషయా దగ్గర్నుంచి. వణికే వేళ్ళతో కొన్ని కాగితాలు చింపాను, చాలా వరకు విడదీశాను. మత్తయి సువార్తకు వచ్చేసరికి మార్చి అయింది.

2025 ఏప్రిల్ 20, ఈస్టర్. చీకటి ఉండగానే సంఘమంతా సమాధుల తోటకు వెళ్ళాం. ముందురోజే గడ్డి పీకి సున్నాలు వేసి ఉంచారు, పూలదండలు, కొవ్వొత్తులు, పిల్లల గోల. పాదానికి ఊతంగా కట్టిన స్ప్లింటు, చేతిలో కర్రతో అమ్మ సమాధి దాకా నడిచాను. ఇంకా కట్టించలేదు, మట్టిదిబ్బ, చెక్క సిలువ. అందరితో కలిసి విశ్వాస ప్రమాణం చెప్పాను. ఈసారి అన్ని అక్షరాలూ వచ్చాయి. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను కూడా.

పాదాల్లో మొద్దుబారడం పూర్తిగా పోలేదు, సాయంత్రమయ్యేసరికి విపరీతమైన నీరసం. స్కూల్లో లెక్కల క్లాసులు కూర్చుని చెబుతున్నాను. ఈమధ్య మా సంఘంలోనే డిగ్రీ చదివే ఒక అబ్బాయికి ఇదే జబ్బు వచ్చింది. వాళ్ళమ్మ ఐసీయూ బయట నా చేయి పట్టుకుని "మావాడు లేస్తాడా అక్కా?" అని అడిగింది. ఆరు నెలలకు పదిమందిలో ఎనిమిది మంది దాకా సొంతంగా నడుస్తారని డాక్టర్లు నాకు చెప్పిన మాట చెప్పాను. పక్కకు తిప్పడం గంటల ప్రకారం జరుగుతోందా, కళ్ళకు జెల్ వేస్తున్నారా చూసుకోమన్నాను. అతనికి అన్నీ వినబడతాయి, మంచం దగ్గర నిలబడి ఖర్చుల గురించి మాట్లాడొద్దని చెప్పాను. రాత్రిళ్ళు బయట కూర్చోవడానికి మనిషి లేరంటే స్త్రీల మైత్రిలో వంతులు వేసుకున్నాం. శుక్రవారం ఇస్త్రీ పిన్ని, శనివారం నేను.